మేయరొచ్చాడు సరే, అడిగేదెవరు, లెక్క తీసేదెవరు?

2023 సెప్టెంబర్ 24, ఆదివారం. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కి దగ్గర్లోని బోల్టన్, విగన్ ఊళ్లలో పసుపు రంగు బస్సులు రోడ్డెక్కాయి. వాటి పక్కన తేనెటీగ గుర్తు. మిల్లుల కాలం నుంచీ మాంచెస్టర్ గుర్తు అదే. బస్సులకు రంగు మార్చడం కూడా ఒక వార్తేనా అనిపిస్తుంది. ఆ రంగు వెయ్యడానికి ఒక చట్టం, ఒక ఎన్నికైన మేయరు, బస్సు కంపెనీలతో కోర్టు కేసు, జనం ఏళ్ల తరబడి తెచ్చిన ఒత్తిడి, ఇన్ని కావాల్సొచ్చాయి.

వెనక్కి వెళ్తే 1985లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం తెచ్చిన రవాణా చట్టం ఉంది. 1986 అక్టోబర్ 26 నుంచి లండన్ బయట బస్సుల మీద నియంత్రణ ఎత్తేశారు. ఏ రూట్లో నడపాలి, ఎన్ని ట్రిప్పులు వెయ్యాలి, టికెట్టు ఎంత పెట్టాలి అన్నది కంపెనీల ఇష్టానికి వదిలేశారు. లాభం వచ్చే రూట్లో పోటీపడి నడిపేవాళ్లు. లాభం లేని రూట్లో బస్సు కావాలంటే స్థానిక కౌన్సిల్ తన జేబులోంచి డబ్బిచ్చి నడిపించుకోవాలి. పొద్దున ఒక కంపెనీ బస్సులో కొన్న రోజువారీ పాస్, సాయంత్రం ఇంకో కంపెనీ బస్సు వస్తే పనికిరాదు. లండన్‌ని మాత్రం ఆ చట్టం ముట్టుకోలేదు. అక్కడ రూట్లు, ఛార్జీలు ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉండిపోయాయి.

30 ఏళ్ల తర్వాత, 2017 బస్సుల చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఒక ప్రాంతానికి ఎన్నికైన మేయరు ఉంటే, బస్సులు కంపెనీలే నడిపినా రూటు, టైము, ఛార్జీ ఆయన ఆఫీసు నిర్ణయించొచ్చు. దీన్నే ఫ్రాంచైజింగ్ అంటారు. మాంచెస్టర్, దాని చుట్టుపక్కల ఊళ్లు కలిసిన గ్రేటర్ మాంచెస్టర్‌కి మేయర్ ఆండీ బర్నమ్ 2021 మార్చిలో ఆ దారి పట్టారు. స్టేజ్‌కోచ్, రోటాలా కంపెనీలు కోర్టుకెళ్లి ఓడిపోయాయి. 2025 జనవరి 5 నాటికి ఆ ప్రాంతమంతా పసుపు బస్సులే.

ఇంగ్లండ్‌లో డెవల్యూషన్, అంటే కేంద్రం చేతిలోని అధికారాలను ప్రాంతాలకు దించడం, ఏమిటని అడిగితే నేను ముందు ఈ బస్సునే చూపిస్తాను. ఎందుకంటే ఆ మాట చుట్టూ చేరిన పదాలు, అంటే కంబైన్డ్ అథారిటీ, ట్రెయిల్‌బ్లేజర్ డీల్, స్ట్రాటెజిక్ అథారిటీ లాంటివి, ఆ దేశం వాళ్లకే సరిగ్గా అర్థం కావు.

మన దేశంలో రాష్ట్రాలకు ఏ అధికారాలున్నాయో రాజ్యాంగంలో జాబితా ఉంటుంది. బ్రిటన్‌లో ఒకే పుస్తకంగా రాసిపెట్టిన రాజ్యాంగం లేదు. పార్లమెంటు ఇచ్చిందే అధికారం, అదే పార్లమెంటు వెనక్కి తీసుకోగలదు. తీసుకుంది కూడా. తనతో పడని గ్రేటర్ లండన్ కౌన్సిల్‌ని థాచర్ ప్రభుత్వం 1986లో ఏకంగా రద్దు చేసింది. దాంతో పాటే మాంచెస్టర్ లాంటి పెద్ద నగర ప్రాంతాల కౌంటీ కౌన్సిళ్లూ పోయాయి. పద్నాలుగేళ్ల పాటు లండన్‌కి మొత్తంగా ఒక పాలకమండలి లేదు.

1997లో వచ్చిన లేబర్ ప్రభుత్వం స్కాట్లండ్‌కి పార్లమెంటు, వేల్స్‌కి అసెంబ్లీ ఇచ్చింది. 2000లో లండన్‌కి మేయరొచ్చాడు. మిగతా ఇంగ్లండ్ సంగతేమిటన్న ప్రశ్న మిగిలింది. ముందు ఈశాన్య ఇంగ్లండ్‌లో, అంటే న్యూకాజిల్, సండర్లాండ్, డర్హమ్ వైపు, ఒక ప్రాంతీయ అసెంబ్లీ పెడతామని 2004 నవంబర్ 4న ఓటింగ్ పెట్టారు. సుమారు 78 శాతం మంది వద్దన్నారు. వద్దన్న వర్గం ఒక పెద్ద తెల్ల ఏనుగు బెలూన్‌ని ఊరూరా తిప్పింది. దండగమారి ఖర్చు అని దానర్థం. ఆ ప్రాంతం వాళ్లకు సొంత గుర్తింపు మీద అభిమానం తక్కువేమీ కాదు. కానీ ఇవ్వజూపిన అసెంబ్లీకి చెప్పుకోదగ్గ అధికారాలు లేవు. మా వీధికి ఏమొస్తుందని అడిగితే చెప్పడానికి ఒక బస్సు కూడా లేదు.

ఆ దెబ్బతో ప్రభుత్వాలు పాఠం నేర్చుకున్నాయి. నా దృష్టిలో తప్పు పాఠం. జనాన్ని అడిగితే వద్దంటున్నారు కాబట్టి అడక్కుండా కానిచ్చేద్దామనుకున్నాయి. 2012 మేలో మాంచెస్టర్ నగర ఓటర్లను మీకు మేయరు కావాలా అని అడిగితే సగానికి పైగా వద్దన్నారు. రెండున్నరేళ్లకే, 2014 నవంబర్‌లో, ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బర్న్ ఆ ప్రాంతంలోని 10 కౌన్సిళ్ల నాయకులతో కూర్చుని సంతకాలు పెట్టించారు. రవాణా, ఇళ్ల నిర్మాణం, నైపుణ్య శిక్షణలో కొన్ని అధికారాలిస్తాం, బదులుగా మీరు మేయరుని ఎన్నుకోవాలి. ఈసారి ఓటింగ్ లేదు. చర్చలు తలుపులేసుకుని జరిగాయి. బయటికొచ్చిన కాగితం పేరే డీల్. బేరమాడి కుదుర్చుకున్నది గనక ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకం డీల్ వచ్చింది. ఒకరికి పోలీసు మీద అజమాయిషీ ఉంటుంది, పక్క ప్రాంతానికి ఉండదు. 2017 మేలో గ్రేటర్ మాంచెస్టర్‌తో కలిపి ఆరు ప్రాంతాల్లో మొదటిసారి మేయర్ ఎన్నికలు జరిగితే, టీస్ వ్యాలీలో ఓటేసింది 21 శాతం మంది. మాంచెస్టర్‌లో 29 శాతం. అడక్కుండా ఇచ్చిన దాని మీద ఆసక్తి అంతే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. 2014 డీల్‌లో మాంచెస్టర్‌కి ఏటా 3 కోట్ల పౌండ్ల పెట్టుబడి నిధి ఒకటి ఇచ్చారు. జనాభా 28 లక్షల పైచిలుకు. తలకి ఏడాదికి పది పౌండ్ల చిల్లర. మిగతా పనులకు లండన్‌లోని మంత్రిత్వ శాఖలు ప్రకటించే పథకాలకు దరఖాస్తులు రాసుకుని, ఇంకో ఊరితో పోటీపడి తెచ్చుకోవాలి. చిప్ప పట్టుకుని నిలబడే ఈ పద్ధతిని, బర్మింగ్‌హామ్ చుట్టూ ఉన్న వెస్ట్ మిడ్‌లాండ్స్ అప్పటి మేయర్ ఆండీ స్ట్రీట్ 2023లో బహిరంగంగానే దుయ్యబట్టారు. ఆయన అప్పటి పాలక పక్షం మనిషే. తర్వాత ఇది కొంత మారింది. 2025 ఏప్రిల్ నుంచి గ్రేటర్ మాంచెస్టర్, వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతాలకు చాలా పద్దులు కలిపి ఒకే మొత్తంగా ఇస్తున్నారు. కానీ సొంతంగా పన్ను వేసుకునే స్వేచ్ఛ దాదాపు లేదు. ఇళ్ల మీద వేసే కౌన్సిల్ పన్ను కూడా ఇంగ్లండ్‌లో 1991 ఏప్రిల్ నాటి ఇంటి విలువల మీదే లెక్కకడుతున్నారు. ముప్ఫై ఏళ్లలో ఇళ్ల ధరలు ఏమయ్యాయో తెలిసి కూడా ఏ ప్రభుత్వమూ ఆ తేనెతుట్టెను కదపలేదు.

పైనుంచి దిగిన కథ ఇంతవరకే. కింది నుంచి ఎక్కిన కథ ఇంకోటుంది, నాకు అదే ఎక్కువ ఇష్టం.

తూర్పు లండన్‌లో 1996లో టెల్కో అనే కూటమి మొదలైంది. చర్చిలు, మసీదులు, బడులు, కార్మిక సంఘాల శాఖలు అందులో సభ్యులు. అంటే మనుషులు విడివిడిగా చేరరు, సంస్థలు చేరతాయి, చందా కడతాయి. ఈ పద్ధతికి మూలం అమెరికా. 1939లో షికాగో మాంసం ఫ్యాక్టరీల వెనక బస్తీలో సాల్ అలిన్‌స్కీ మొదలుపెట్టిన పని అది. కమ్యూనిటీ ఆర్గనైజింగ్ అనగానే ధర్నాలు, జెండాలు గుర్తొస్తాయి గానీ, ఇందులో ఎక్కువ భాగం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే. ఒక ఆర్గనైజర్ వారమంతా ఒక్కొక్కరినీ కలుస్తాడు. నీకు నిద్ర పట్టనివ్వని విషయం ఏమిటని అడుగుతాడు. అలా వందల సంభాషణల్లోంచి ఒక సమస్య తేలుతుంది. దాన్ని ఎవరు తీర్చగలరో పేరుతో సహా వెతుకుతారు. ఆ మనిషి ముందుకెళ్లి అడుగుతారు, అవునా కాదా అని.

టెల్కో సంభాషణల్లో తేలింది ఏమిటంటే, జనానికి పని ఉంది. రెండు మూడు పనులు కూడా ఉన్నాయి. అయినా ఇల్లు గడవడం లేదు, పిల్లలతో గడపడానికి టైమూ లేదు. 2001లో లివింగ్ వేజ్ ఉద్యమం అక్కడ మొదలైంది. చట్టం చెప్పే కనీస వేతనంతో సరిపెట్టకుండా, బతకడానికి నిజంగా సరిపోయే జీతం కావాలన్నది డిమాండు.

సరిపోయేదంటే ఎంత? ఇక్కడే యూనివర్సిటీ అడుగుపెట్టింది. అద్దె, తిండి, పిల్లల సంరక్షణ, బస్సు ఛార్జీ కలిపి ఒక కుటుంబానికి ఎంతవుతుందో పరిశోధకులు లెక్కగట్టారు. అదే తూర్పు లండన్‌లో ఉన్న క్వీన్ మేరీ యూనివర్సిటీలో భూగోళశాస్త్రం చెప్పే జేన్ విల్స్ తక్కువ జీతాలు ఎక్కడెక్కడ, ఏ పనుల్లో ఉన్నాయో వివరాలు సేకరించారు. బ్యాంకులు, ఆసుపత్రులు క్లీనింగ్ పనిని కాంట్రాక్టర్లకు ఇచ్చేసి మాకు సంబంధం లేదంటున్న చోట, ఆ గొలుసు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో ఆ వివరాలు చూపించాయి. ఉద్యమం వాళ్ల చేతికి అంకె దొరికింది. అంకె లేకపోతే డిమాండు గోల కింద కొట్టుకుపోతుంది.

ఆ తర్వాత, తూర్పు లండన్‌లో పెద్ద బ్యాంకుల ఆఫీసులుండే క్యానరీ వార్ఫ్‌లో హెచ్ఎస్‌బీసీ వంతు. కూటమి వాళ్లు ఆ బ్యాంకు షేర్లు కొని 2003 వార్షిక సమావేశానికి వెళ్లారు. రాత్రిపూట ఛైర్మన్ ఆఫీసు ఊడ్చే మనిషి, అదే ఛైర్మన్ని సభలో నిలబడి తన జీతం గురించి అడిగాడు. ఇంకో పక్క, లండన్ మేయర్ ఎన్నికలప్పుడు వేలమందితో సభలు పెట్టి, అభ్యర్థులను వేదిక మీదికి పిలిచి, టైము పెట్టి సమాధానాలు రాబట్టారు. 2005లో మేయర్ కెన్ లివింగ్‌స్టన్ ఆఫీసు మొదటి లండన్ లివింగ్ వేజ్ ప్రకటించింది. గంటకు 6.70 పౌండ్లు. చట్టం ప్రకారం దేశమంతటా అప్పుడున్న కనీస వేతనం ఐదు పౌండ్ల దగ్గర ఆడుతోంది. 2008లో లివింగ్‌స్టన్ ఓడి ప్రత్యర్థి పార్టీ నుంచి బోరిస్ జాన్సన్ వచ్చినా ఆ రేటు ప్రకటించడం ఆగలేదు. (2015లో ఆస్బర్న్ ఆ పేరు మాత్రం అరువు తెచ్చుకుని చట్టబద్ధ కనీస వేతనానికే జాతీయ లివింగ్ వేజ్ అని పెట్టారు. ఖర్చుల లెక్క దాన్లో లేదు. ఇప్పుడు రెండు లివింగ్ వేజ్‌లు ఉండి అందరినీ తికమక పెడుతున్నాయి.)

ఈ కథలో చాలామంది దాటేసే ముక్క ఒకటుంది. క్వీన్ మేరీలో గదులు ఊడ్చేవాళ్లకు కూడా ఆ జీతం రావడం లేదు. తక్కువ జీతాల మీద పరిశోధన చేయించే యూనివర్సిటీ, కాంట్రాక్టరు ద్వారా తక్కువ జీతానికే పని చేయించుకుంటోంది. ఉద్యమం ఆ గుమ్మం ముందుకే వచ్చింది. 2006లో క్వీన్ మేరీ లండన్‌లో మొదటి లివింగ్ వేజ్ క్యాంపస్ అయింది. తర్వాత కాంట్రాక్టు తీసేసి క్లీనింగ్ సిబ్బందిని నేరుగా తన ఉద్యోగులుగా తీసుకుంది. ఏం మారిందో మళ్లీ విల్స్ బృందమే పరిశీలించి 2009లో రాసింది.

యూనివర్సిటీలు స్థానిక విధానంలో ఏం చెయ్యాలి అన్న చర్చ సాధారణంగా నిపుణుల కమిటీ దగ్గర మొదలవుతుంది. నాకైతే క్వీన్ మేరీ చీపురు దగ్గర మొదలవ్వాలనిపిస్తుంది. న్యూకాజిల్, షెఫీల్డ్, లీడ్స్ లాంటి నగరాల్లో యూనివర్సిటీ అంటే పెద్ద యజమాని, పెద్ద భూస్వామి, వేలమంది విద్యార్థులను తెచ్చి అద్దెలు పెంచే సంస్థ కూడా. సలహా చెప్పేటప్పుడు తాను ఆ ఊళ్లో లేనట్టు మాట్లాడితే ఊరి వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

నిజానికి ఈ యూనివర్సిటీలు ఊళ్ల డబ్బుతో పుట్టినవే. జాన్ ఓవెన్స్ అనే వ్యాపారి వీలునామాలో వదిలిన సొమ్ముతో 1851లో మాంచెస్టర్‌లో కాలేజీ వెలిసింది. షెఫీల్డ్ యూనివర్సిటీ కోసం 1904లో ఉక్కు కార్మికులు, గని కార్మికులు పెన్నీ పెన్నీ పోగేసిచ్చారు. తర్వాత శతాబ్దంలో నిధులు లండన్ నుంచి రావడం మొదలయ్యాక చూపు అటు తిరిగింది. ఇప్పుడు యూనివర్సిటీల మీద మేయర్లకు ఏ అధికారమూ లేదు. పెద్దవాళ్ల నైపుణ్య శిక్షణ బడ్జెట్ 2019 నుంచి మేయర్ల చేతికొచ్చింది గానీ ఉన్నత విద్య రాలేదు. కాబట్టి మేయరు, వైస్ ఛాన్సలర్ కలిసి చేసేదేదైనా ఇష్టపూర్వకమే.

ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా చేసిన లార్డ్ కెర్స్‌లేక్ అధ్యక్షతన ఒక కమిషన్ 2019లో దీనికో మార్గం సూచించింది. యూనివర్సిటీలు తమ ఊరి కౌన్సిళ్లు, ఆసుపత్రులతో కూర్చుని, జనాన్ని అడిగి, మేం ఫలానావి చేస్తామని రాసి సంతకం పెట్టాలి. గ్రేటర్ మాంచెస్టర్‌లో అయిదు ఉన్నత విద్యాసంస్థలు 2021లో అలాంటి ఒప్పందం చేసుకున్నాయి. మాట తప్పితే ఏమవుతుంది అంటే ఏమీ కాదు.

మరి ప్రొఫెసర్లకు ఇందులో ఆసక్తి ఎందుకు? కొంత మంచితనం, కొంత మార్కులు. బ్రిటన్‌లో యూనివర్సిటీల పరిశోధనకు కొన్నేళ్లకోసారి ఆర్ఈఎఫ్ పేరుతో గ్రేడింగ్ జరుగుతుంది, నిధులు దాన్ని బట్టే వస్తాయి. పరిశోధన వల్ల బయటి ప్రపంచంలో ఏం మారిందన్న దానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. దాంతో కౌన్సిల్ ఆఫీసులకు కొత్త రకం ఉత్తరాలు మొదలయ్యాయి. మా పరిశోధన మీ నిర్ణయానికి ఉపయోగపడిందని ఒక లెటర్ ఇస్తారా? అని. సలహా అడిగిన ఆఫీసరు కంటే సర్టిఫికెట్ అడిగే ప్రొఫెసరు తొందరలో ఉంటాడు.

అసలు చిక్కు టైముతో. వచ్చే నెల కేబినెట్ మీటింగుకి కాగితం పెట్టాలి, ఖాళీ దుకాణాల వీధికి ఏం చెయ్యాలో రెండు పేజీల్లో చెప్పండి అంటుంది కౌన్సిల్. గ్రాంటు రావాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, సర్వే చెయ్యాలి, పద్దెనిమిది నెలలు పడుతుంది అంటుంది యూనివర్సిటీ. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. 2010 తర్వాత కోతలతో కౌన్సిళ్లలో సొంతంగా లెక్కలు చూసే సిబ్బంది పలచబడ్డారు. 2023 సెప్టెంబర్‌లో బర్మింగ్‌హామ్ కౌన్సిలే చేతులెత్తేసి, అత్యవసరం కాని ఖర్చులన్నీ ఆపేస్తున్నామని నోటీసు ఇచ్చింది. అలాంటి చోట డేటా విశ్లేషకుణ్ణి ఎవరు పెట్టుకుంటారు? యార్క్‌షైర్‌లో దీనికి ఒక విరుగుడు ప్రయత్నిస్తున్నారు. అక్కడి యూనివర్సిటీలు కలిసి వై-పెర్న్ అనే నెట్‌వర్క్ పెట్టి, పరిశోధకులను స్థానిక సంస్థలతో కలిసి పనిచెయ్యడానికే నియమించాయి. వాళ్ల పని కొత్త సిద్ధాంతం కనిపెట్టడం కాదు. ఉన్న పరిశోధనను వెతికి, అవతలి ఆఫీసరు టైముకి, అవతలి ఆఫీసరు భాషలో చెప్పడం. చూడ్డానికి చిన్న పనే. నేను చూసిన ఏర్పాట్లన్నిట్లోకీ పనికొచ్చేది ఇదేననిపిస్తుంది.

జనం కూడితే అంతా మంచే జరుగుతుందని కూడా అనుకోనక్కర్లేదు. 2016లో గ్రేటర్ మాంచెస్టర్ 10 కౌన్సిళ్లకు కలిపి ఇళ్ల నిర్మాణ ప్రణాళిక ముసాయిదా బయటపెట్టింది. ఊళ్ల చుట్టూ కట్టడాలు రాకుండా ఆపి ఉంచిన గ్రీన్ బెల్ట్ భూముల్లో కొన్నింటిని ఇళ్లకు కేటాయించింది. ఆ పక్కన ఉండేవాళ్లు గట్టిగా కూడగట్టుకుని ఎదురుతిరిగారు. సొంత ఇల్లున్నవాళ్లు, సమావేశాలకు రాగల తీరిక ఉన్నవాళ్లు. ఆ ఇళ్లలోకి రావాల్సిన వాళ్లు ఏ మీటింగులోనూ లేరు, ఉండరు, వాళ్లు ఎవరో ఇంకా తెలియదు కదా. 2020 డిసెంబర్‌లో స్టాక్‌పోర్ట్ కౌన్సిల్ బయటికెళ్లిపోయింది. మిగిలిన తొమ్మిదీ కలిసి 2024 మార్చిలో ప్రణాళిక ఆమోదించుకున్నాయి. ముసాయిదా నుంచి ఏడేళ్లు దాటింది. ఇళ్లు ఎన్ని కావాలో, ఎవరికి కావాలో లెక్క తీసి, గదిలో లేనివాళ్ల తరఫున పెట్టగలిగిన సంస్థ అలాంటి చోటే అవసరం.

తెల్ల ఏనుగు తిరిగిన ఈశాన్యంలో 2016లో కుదిరిన డీల్‌ని నాలుగు కౌన్సిళ్లు వద్దనడంతో అది కూలింది. 2019లో మూడు కౌన్సిళ్లకు మాత్రం మేయరు. చివరికి 2024 మేలో ఏడు కౌన్సిళ్లకు కలిపి ఒక మేయరు వచ్చారు. 2004లో కాదన్న రోజు నుంచి లెక్కేస్తే ఇరవై ఏళ్లు. 2024 డిసెంబర్‌లో ప్రభుత్వం ఇంగ్లండ్ అంతటా ఇలాంటి ప్రాంతీయ సంస్థలే ఉండాలని శ్వేతపత్రం తెచ్చింది. 2025 జులైలో దానికి బిల్లు పెట్టింది. బిల్లు పేరులో డెవల్యూషన్ పక్కనే కమ్యూనిటీ సాధికారత కూడా ఉంది. అమ్మకానికొచ్చిన ఊరి ఆస్తులను ముందు జనమే కొనుక్కునే హక్కు లాంటివి అందులో ఉన్నాయి. కొనడానికి డబ్బెక్కడిదన్నది వేరే సంగతి.

ఇదే సమయంలో యూనివర్సిటీల పరిస్థితి బాగాలేదు. ఇంగ్లండ్ విద్యార్థుల ఫీజు 2017లో 9,250 పౌండ్ల దగ్గర ఆగిపోయి 2025 దాకా కదల్లేదు. లోటు పూడ్చుకున్నది విదేశీ విద్యార్థుల ఫీజులతో, వాళ్లలో మన పిల్లలూ చాలామందే. 2024 జనవరి నుంచి చాలా కోర్సుల విద్యార్థులు కుటుంబాన్ని వెంట తెచ్చుకోకుండా వీసా నిబంధనలు బిగించారు. ఆ ఆదాయం తగ్గింది, చాలాచోట్ల సిబ్బందిని తగ్గిస్తున్నారు. ఇలాంటప్పుడు ముందు కత్తెర పడేది ఊరితో చేసే పనికే.

అందుకే ఏ ఊరి యూనివర్సిటీ ఒప్పందం కనబడినా నేను ముందుమాట చదవను. లోపల మూడు వెతుకుతాను. ఎంత డబ్బో చెప్పే ఒక అంకె, ఒక తేదీ, క్యాంపస్‌లో రాత్రి షిఫ్టు ఊడ్చేవాళ్ల జీతం గురించి ఒక్క వాక్యం.